కింద నిలబడ్డ మనిషి

విచారణ పదకొండింటికని కాగితంలో ఉంది. ఆమె పదిన్నరకే వచ్చి కూర్చుంది, ఇవాళ కూడా ఆలస్యం చేసిందన్న మాట ఆ ఫైల్లోకి ఎక్కడం ఎందుకని. ఆఫీసు వరండాలో మూడు ప్లాస్టిక్ కుర్చీలు ఒకే ఇనప కమ్మీకి బిగించి ఉన్నాయి, ఒకరు కదిలితే పక్కవాళ్లూ కదలాల్సిందే, పక్కన ఎవరూ లేరు. మూసిన తలుపు అవతల ఎవరో దగ్గారు, కుర్చీ జరిగిన చప్పుడు, కాగితాలు తిప్పిన చప్పుడు, తర్వాత ఏమీ లేదు. తన గురించే అయ్యుంటుంది, కాకపోయినా కావచ్చు, ఫ్యాను సరిగ్గా తిరగడం లేదని మాట్లాడుకుంటున్నారేమో. ఆమె ఒళ్లోని కాగితాన్ని మళ్లీ విప్పింది. ముందస్తు అనుమతి లేకుండా పదహారు రోజులు గైర్హాజరు. అనారోగ్య ధ్రువపత్రం మూడు రోజుల్లో ఇవ్వవలసి ఉండగా తొమ్మిదో రోజున ఇవ్వడం. మూడోది ఆమెకి బాగా నచ్చింది: జ్వరమని తెలియజేసిన కాలంలో సంపూర్ణ ఆరోగ్యంతో పార్కులో విహరిస్తూ కనిపించడం. విహరిస్తూ. నలభై నాలుగేళ్లలో తన గురించి ఎవరూ అంత మంచి మాట రాయలేదు. రాసిన గుమాస్తా ఎవరో గానీ, తిరుగుతూ అందామా నడుస్తూ అందామా అని ఒక్క క్షణం పెన్ను ఆపి, చివరికి విహరిస్తూ అని తేల్చుకుని, తృప్తిగా టీకి లేచి ఉంటాడు. నేరాలు రుజువైతే ఉద్యోగం నుంచి తొలగింపు వరకూ ఏ శిక్షయినా పడవచ్చునని ఆఖరి లైను. ఆ లైను మాత్రం ముందే అచ్చేసి ఉంది, అందరి కాగితాల్లోనూ అదే ఉంటుంది కాబోలు.

పందొమ్మిదేళ్లుగా ఆమె సరుకుల యార్డులో క్రేన్ నడుపుతోంది. గూడ్సు బండ్ల మీద వచ్చే కంటైనర్లని, యార్డులో అందరూ పెట్టెలనే అంటారు, ఎత్తి లారీల మీద పెట్టాలి, లారీల మీంచి ఎత్తి బండి మీద పెట్టాలి. నూట పద్దెనిమిది మెట్లెక్కితే గది. గది అంటే ఒక మనిషీ, ఒక కుర్చీ, రెండు చేతులకి రెండు మీటలూ, కాళ్ల కింద అద్దం. ముందుకి వంగి మోకాళ్ల మధ్యలోంచి లోకాన్ని చూడాలి. అక్కణ్ణించి మనుషులకి మొహాలుండవు, టోపీలే ఉంటాయి, పసుపువి కూలీలవి, తెల్లవి సూపర్‌వైజర్లవి, ఎర్రది ఒక్కటే, కింద నిలబడి చేతులతో సిగ్నల్ ఇచ్చేవాడిది. ఎత్తు, ఆపు, కొంచెం ఎడమకి, ఇంకొంచెం, దించు. షిఫ్టు మారిన రోజులు తప్ప పదకొండేళ్లుగా ఆ ఎర్ర టోపీ అతనే. ఆమెని అక్కా అంటాడు. అతని చేతుల్ని ఆమె తన మొగుడి చేతులకన్నా బాగా గుర్తుపడుతుంది, మొహం మాత్రం ఎప్పుడైనా జీతాల రోజున లైన్లో కనిపిస్తే, అరె ఇతనికి మీసం ఉందే అనుకుంటుంది. యార్డులో ఆమె పేరెవరూ వాడరు, పైనక్క అంటారు. పైన ఎలా ఉందక్కా అని అడుగుతారు గేటు దగ్గర. పైనే ఉంది, ఎక్కడికీ పోలేదు అంటుంది. పందొమ్మిదేళ్లు అదే ప్రశ్న, అదే జవాబు, ఎవరికీ విసుగు రాలేదు. పై నుంచి చూడటం అలవాటైనవాళ్లకి ఒక రోగం పట్టుకుంటుంది, ఏ గొడవైనా కాసేపటికి ఇద్దరు టోపీలవాళ్లు ఎదురెదురుగా నిలబడ్డట్టే కనిపిస్తుంది. అత్తగారితో పోట్లాటప్పుడు కూడా ఆమెకి మధ్యలో అలాగే అనిపించేది, కోపం అక్కడెక్కడో కింద ఉండేది. ఇప్పుడు కూడా, ఈ మూడు కుర్చీల్లో చివరి దాంట్లో, ఒళ్లో కాగితంతో ఒక ఆడమనిషి కూర్చుని ఉంది.

ఆ రోజు మంగళవారం, పొద్దున తొమ్మిదీ నలభై. పెట్టె బరువు ఇరవై రెండు టన్నులు, లోపల నేల మీద పరిచే పలకలు. ఎడమ పక్క కెమెరా తెర చూడటానికి తల ఓరగా తిప్పింది, మళ్లీ నిటారుగా పెట్టింది, అంతే, యార్డు ఎడమకి జారడం మొదలుపెట్టింది. తల తిరిగిందంటారు అందరూ, తల ఎక్కడికీ పోలేదు, అక్కడే ఉంది, పట్టాలూ లారీలూ టోపీలూ అన్నీ కలిసి పళ్లెంలో నీళ్లు ఒలికినట్టు ఒక పక్కకి పోయాయి. చేతులు మీటల మీంచి తీసేస్తే క్రేన్ తనంతట తనే ఆగుతుంది, ఆ సంగతి పందొమ్మిదేళ్లుగా ఆమెకి తెలుసు, కొత్తగా వచ్చినవాళ్లకి తనే నేర్పింది. తియ్యలేదు. పడిపోతున్న మనిషి దొరికింది పట్టుకున్నట్టు పట్టుకుంది. పెట్టె ఊగింది. అద్దంలోంచి ఎర్ర టోపీ రెండడుగులు వెనక్కి వెయ్యడం, పెట్టె నీడ ఆ టోపీ మీంచి ఒకసారి వెళ్లి మళ్లీ వెనక్కి రావడం చూసింది. ఇరవై సెకన్లు, అంతకన్నా లేదు. యార్డు తన చోటికి తను వచ్చింది. ఆమె పెట్టెని లారీ మీద దించింది, నాలుగు మూలలా తాళాలు పడ్డాయి, పచ్చ దీపం వెలిగింది, కింద చెయ్యి కొంచెం ఆలస్యంగా లేచింది, సరే అని. ఒంట్లో బాలేదు, దిగుతున్నా అని వైర్‌లెస్‌లో చెప్పింది. నూట పద్దెనిమిది మెట్లూ, నడక రాని పిల్లల్లా కూర్చుని ఒక్కోటీ దిగింది. ఇంటికెళ్లి గోడకి ఆనుకుని పడుకుంది, పక్కకి తిరిగితే మంచం కూడా జారుతోంది.

చెవి డాక్టరమ్మ ఆమె తలని రెండు చేతుల్తో పట్టుకుని, ఒక్కసారిగా వెనక్కి పడుకోబెట్టి కళ్లలోకి చూసింది. లోపలి చెవిలో ఇసుక రేణువుల్లాంటివి ఉంటాయి, అవి వాటి చోటు తప్పాయి, అంతే, ప్రాణానికేం భయం లేదు అంది. వ్యాయామాలతో తగ్గుతుంది, మళ్లీ రావచ్చు, రాకపోనూ వచ్చు. ఎత్తులెక్కే పనేమైనా చేస్తారా? టైలరింగండీ అంది ఆమె. అంత తొందరగా ఆ అబద్ధం ఎక్కణ్ణించి వచ్చిందో ఆమెకి ఇప్పటికీ ఆశ్చర్యమే, సూదిలో దారం ఎక్కించడం కూడా సరిగ్గా రాదు. డాక్టరమ్మ, అయితే మరీ మంచిది, కూర్చుని చేసే పనేగా అంది. ఆ కాగితాలు బీరువాలో బట్టల కింద పెట్టేసింది. ఆఫీసుకి ఇవ్వడానికి వీధి చివర క్లినిక్‌లో జ్వరమని రాయించుకుంది, ఆ డాక్టరు అడిగినవాళ్లకి అడిగినంత రాస్తాడు, కానీ ఊరెళ్లి తొమ్మిదో రోజుకి గానీ రాలేదు. మొగుడు కళ్లజోళ్ల షాపులో పని చేస్తాడు, రోజంతా మనుషులకి ఏది కనిపిస్తుందో ఏది కనిపించదో అడుగుతూ ఉంటాడు కాబోలు, ఇంట్లో ప్రశ్నలు తక్కువ. విన్నాక మాత్రం మంచినీళ్లు తాగి వచ్చి కూర్చున్నాడు. "అడిగితే చెప్పు. అడగందే నువ్వెందుకు చెప్పడం? చెప్పకపోతే అబద్ధం కాదుగా," అన్నాడు. "మరి జ్వరం?" అంది ఆమె. "అది డాక్టరు రాశాడు, నువ్వు రాయలేదు."

పార్కులో నడిపించింది పదమూడేళ్ల కూతురు. సుద్దముక్కతో సిమెంటు బాట మీద గీత గీసి, దాని మీద మడమకి కాలివేళ్లు ఆనించి నడవమ్మా, డాక్టరు పేపర్లో అలాగే బొమ్మ ఉంది అంది. చేతులు రెండూ చాపి, కళ్లు మూసి, తెరిచి, తల అటూ ఇటూ తిప్పుతూ. కూతురు ముందు వెనక్కి వెనక్కి నడుస్తూ, అమ్మా నువ్వు సర్కస్‌లో చేరిపో, అక్కడ మెట్లు తక్కువ అంటే ఇద్దరూ నవ్వారు. బడిలో ఆ పిల్ల మా అమ్మ ఉద్యోగం ఆకాశంలో అని చెప్పుకుంటుంది, అందుకే ఈ సంగతి మన మధ్యే ఉండాలని ముందే ఒట్టు పెట్టించుకుంది, ఎవరి కోసమో తెలీదు. సరిగ్గా ఆ నవ్వుతున్నప్పుడే సూపర్‌వైజరు పార్కు రెయిలింగు అవతల స్కూటరు ఆపి చూశాడు. అబద్ధం చెప్పలేదు ఆయన, చూసిందే రాశాడు, చేతులు చాపి నవ్వుతూ నడుస్తున్న ఆడమనిషి. ఆమె ఆ చోట ఉన్నా అదే రాసేది. ఇప్పుడు లోపలికెళ్లి బీరువాలో దాచిన ఆ కాగితాలు చూపిస్తే ఆ పదహారు రోజులూ సబబే అవుతాయి, కానీ మళ్లీ మెట్లెక్కనివ్వరు. చూపించకపోతే మెట్లు ఉంటాయి, నేరమూ ఉంటుంది. యూనియన్ పెద్దాయన నిన్న సాయంత్రం గేటు దగ్గర లెక్కలు కట్టి చెప్పాడు, పందొమ్మిదేళ్ల సర్వీసు, మొదటి తప్పు, క్షమాపణ రాసిస్తే హెచ్చరికతో వదిలేస్తారు, నువ్వు మాత్రం జ్వరం అన్న మాట వదలకు తల్లీ. ఆ కాగితాలు ఆమె చేతిసంచీలోనే ఉన్నాయి. ఎందుకు తెచ్చిందో ఆలోచించలేదు, గొడుగు తెచ్చినట్టు తెచ్చింది.

ఒకమ్మాయి తడిగుడ్డ కర్రతో నేల తుడుస్తూ వచ్చింది, కాళ్లు కొంచెం ఎత్తండి అంది, ఆమె ఎత్తింది, తడి మెరుపు కుర్చీ కింద నుంచి వెళ్లిపోయింది. తనకి క్రేన్ నేర్పిన ముసలాయన గుర్తొచ్చాడు. పెట్టెని చూడకు, దాని నీడని చూడు అనేవాడు, అరిచేవాడు, మీట మీద ఆమె వేళ్లని స్కేలుతో కొట్టేవాడు. ఆఖరి రెండేళ్లూ ఆయనకి కుడి కన్ను సరిగ్గా ఆనేది కాదు. యార్డులో సగం మందికి తెలుసు. ఆమె పక్కన నిలబడి ఇంకొంచెం తాతా, ఇంకొంచెం అని గొణిగేది, ఆయన వినపడనట్టు నటిస్తూ వినేవాడు. ఏమీ జరగలేదు. రిటైరయ్యే రోజున అందరూ చప్పట్లు కొట్టారు, గోడ గడియారం ఇచ్చారు. ఏమైనా జరిగి ఉంటే ఆ కథ ఇంకోలా చెప్పుకునేవాళ్లు, జరగలేదు గనక మంచి తాత అంటారు, నిజంగానే మంచివాడు. ఏమీ జరగని రోజుల్ని ఎవరూ విచారణకి పిలవరు.

తలుపు తెరుచుకుని ఎర్ర టోపీ చేత్తో పట్టుకుని సిగ్నల్ తమ్ముడు బయటికొచ్చాడు. అతన్ని సాక్షిగా పిలిచారని ఆమెకి తెలీదు. అతను అటూ ఇటూ చూసి పక్క కుర్చీలో కూర్చున్నాడు, కమ్మీ కదిలింది, ఆమె కదిలింది.

"అక్కా, గాలని చెప్పాను," అన్నాడు గొంతు తగ్గించి.

"ఏ గాలి?"

"ఆ రోజు పెట్టె ఊగిందని సూపర్‌వైజరు రోజువారీ పుస్తకంలో రాశాట్ట. ఎందుకూగిందని నన్నడిగారు. ఒక్కసారిగా గాలి విసిరిందని చెప్పాను. నువ్వూ అదే అను. ఇద్దరి మాటా కలవాలి కదా."

"గాలెక్కడుంది ఆ రోజు?"

"లేదు. పొగ కూడా నిటారుగా లేస్తోంది. నాకు తెలీదా?" అతను టోపీ లోపలి పట్టీని సర్దాడు. "ఎవరికీ ఏం కాలేదు కదక్కా. మనిషన్నాక ఒక్కసారి అవుతుంది. తొందరగా వచ్చెయ్. నీ బదులు వేసినవాడు పెట్టె దించుతుంటే ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని నిలబడుతున్నాను. నువ్వుంటే నేను అసలు పైకి చూడను."

అతను లేచి వెళ్లాడు, మెట్ల దాకా బూట్ల చప్పుడు, తర్వాత లేదు. ఒక్కసారి అన్నాడు. ఆమె ఆ మాట దగ్గర ఆగింది, ఇన్ని రోజులుగా ఆ మాట చుట్టూ తిరిగి వెళ్తోంది, ఇవాళ దారి అటే పోయింది. మొదటిసారి చలికాలంలో. అప్పుడు పెట్టె ఖాళీది, తేలిక, యార్డు కొంచెం ఒరిగి సర్దుకుంది, నిద్ర చాలలేదులే అనుకుంది, ఆ ముందురోజు కూతురికి దగ్గు. రెండోసారి నెల్లాళ్ల కిందట, అప్పుడు పెట్టె నిండుగా ఉంది, గాల్లో ఆపేసి కళ్లు మూసుకుని పది దాకా అంకెలు లెక్కపెట్టింది, కింద నుంచి వైర్‌లెస్‌లో ఏంటక్కా అంటే, తుమ్మొచ్చింది అంది. నవ్వాడు. అది గుర్తుంది, ఆ నవ్వు చెవిలో గరగరమంది. ఆ సాయంత్రం దిగేటప్పుడు ఎవరికైనా చెప్పాలా అనుకుంది, మెట్లు దిగుతుండగా అనుకుంది, మెట్లయిపోయాయి, గేటు దగ్గర పైన ఎలా ఉందక్కా అన్నారు, పైనే ఉంది అంది. మొగుడికి కూడా ఒక్కసారే చెప్పింది. డాక్టరమ్మకీ అంతే. అబద్ధం చెబుతున్నానని అనిపించలేదు, మిగతా రెండూ జరిగాయని తనక్కూడా పూర్తిగా చెప్పుకోలేదు. నువ్వుంటే నేను పైకి చూడను. అంటే పదకొండేళ్లుగా ఆ మనిషి, నెత్తి మీద ఇరవై టన్నులు పోతుంటే, మెడ ఎత్తకుండా లారీ చక్రాల వైపు చూస్తూ నిలబడ్డాడన్నమాట. అది గొప్పగా అనిపించాల్సిన మాటే. ఆమె ఒళ్లోని కాగితాన్ని మడిచి సంచీలో పెట్టింది, చెవి డాక్టరమ్మ కాగితాల పక్కన.

పేరు పిలిచారు, యార్డులో ఎవరూ వాడని పేరు, అందుకని లేవడానికి ఒక క్షణం పట్టింది. లోపల పొడుగాటి బల్ల, అటు వైపు విచారణ అధికారి, పక్కన సూపర్‌వైజరు, చివర రాసుకునే గుమాస్తా, ఇటు వైపు యూనియన్ పెద్దాయన, ఆయన పక్కన ఆమెకి కుర్చీ. అధికారికి జోరుగా జలుబు, ముక్కు ఎర్రగా కందిపోయి ఉంది, ప్రతి రెండు మాటలకీ రుమాలు తీస్తున్నాడు. ఈయన సెలవు పెట్టలేదు పాపం అనుకుంది ఆమె. గుమాస్తా కుర్రాడు కాదు, నెరిసిన జుట్టు, చక్కటి చేతిరాత. విహరిస్తూ అన్నది ఈయనే.

"ఆ పదహారు రోజులూ మీకు జ్వరమేనా?" అన్నాడు అధికారి కాగితంలోంచి తలెత్తకుండా.

"కాదండీ."

బల్ల కింద యూనియన్ పెద్దాయన కాలు ఆమె కాలిని గట్టిగా తొక్కింది. ఆమె కాలు వెనక్కి తీసుకుంది. సంచీలోంచి చెవి డాక్టరమ్మ కాగితాలు తీసి బల్ల మీద పెట్టి, అటు వైపుకి తిప్పి జరిపింది. తర్వాత మాట్లాడింది తనే, గొంతు తనదే, చెప్పేది మాత్రం ఎవరి సంగతో చెబుతున్నట్టు వరసగా వచ్చింది. పైన తల తిరిగింది. చేతులు మీటల మీంచి తియ్యాలి, తియ్యలేదు. పెట్టె ఊగింది. జ్వరం కాగితం కావాలని రాయించుకున్నది. పార్కులో చేసింది డాక్టరు చెప్పిన వ్యాయామం, సూపర్‌వైజరుగారు చూసింది నిజమే. సూపర్‌వైజరు మొహం మీద గెలిచిన గుర్తేమీ లేదు.

"సాక్షి గాలి అన్నాడే?" అన్నాడు అధికారి.

"కింద ఉన్నవాడికి పైన నాకేమైందో ఎలా తెలుస్తుందండీ. గాలి అనుకుని ఉంటాడు."

అధికారి తుమ్మి, సారీ అని, కాగితాలు చివరిదాకా చదివాడు. "ఇలా రావడం ఇదే మొదలా?" అన్నాడు. డాక్టరు కాగితంలో మొదటిసారి అనే ఉంది. ఆయన అడిగింది కూడా ఫారంలో గడి ఉంది గనక అడిగినట్టే ఉంది, అవును అంటే గుమాస్తా అవును అని రాసుకుని పేజీ తిప్పేవాడు.

"మూడోసారండీ."

గుమాస్తా పెన్ను ఆగింది. యూనియన్ పెద్దాయన కుర్చీలో వెనక్కి వాలాడు, ఇంక నాకు సంబంధం లేదన్నట్టు. "నేను అడక్కపోతే చెప్పేవారా?" అన్నాడు అధికారి, రుమాలు చేతిలోనే పట్టుకుని. కోపంగా అడగలేదు, తెలుసుకుందామనే అడిగినట్టుంది. ఆమె నిజంగానే ఆలోచించింది.

"తెలీదండీ," అంది.

అరగంట బయట కూర్చోబెట్టి మళ్లీ పిలిచారు. పదహారు రోజులూ అనారోగ్య సెలవుగానే రాస్తారు. తప్పుడు ధ్రువపత్రం ఇచ్చినందుకూ, ముందు రెండుసార్లు జరిగింది దాచినందుకూ రాతపూర్వకంగా హెచ్చరిక, ఇంకోసారైతే ఉద్యోగం పోతుంది. క్రేన్ ఎక్కడం ఈ రోజుతో ఆఖరు. రేపట్నించి గేటు పక్కన తూకం గదిలో, లారీలు ఎక్కించి బరువు చూసే పని. నేల మీదే అని అధికారి ఓదార్పుగా అన్నాడు. సంతకం పెట్టమని గుమాస్తా చూపించిన చోట పెట్టింది. ఏడుపు వస్తుందేమో అని ఒక నిమిషం చూసింది, రాలేదు. కూతురికి ఎలా చెప్పాలి అన్నది మాత్రం వచ్చింది, తూకం గది ఆకాశానికి ఎంత దూరం అని ఆ పిల్ల అడుగుతుంది, అడగకుండా ఉండదు.

మెట్ల మలుపులో సిగ్నల్ తమ్ముడు నిలబడి ఉన్నాడు. యూనియన్ పెద్దాయన ముందే దిగి వెళ్లాడు గనక మాట కూడా ముందే దిగి ఉంటుంది. అతని మొహాన్ని ఆమె ఇంత దగ్గరగా, ఇంతసేపు ఎప్పుడూ చూడలేదు. మీసంలో రెండు తెల్ల వెంట్రుకలున్నాయి.

"మూడుసార్లా అక్కా?"

"ఊఁ."

"ఆ ముందు రెండుసార్లు కింద ఎవరున్నారు?"

రెండో షిఫ్టువాడు అని చెప్పొచ్చు. ఎవరూ వెతికి చూడరు, అతనికీ ఆ రాత్రి నిద్ర పడుతుంది. ఆ జవాబు నోటిదాకా తయారుగా వచ్చింది, టైలరింగ్ అన్నంత తొందరగా.

"నువ్వే," అంది.

అతను తలూపాడు. అరుస్తాడేమో అనుకుంది, అరిస్తే బావుండుననుకుంది. కింద యార్డులో గూడ్సు బండి కూత వినిపించింది, అతను పనిలోకి వెళ్లాల్సిన వేళ. టోపీ పెట్టుకుని, గడ్డం కింద పట్టీ బిగించుకుని, రెండు మెట్లు దిగి, వెనక్కి తిరిగాడు.

"ఒక్క మాట చెప్పుంటే పక్కకి జరిగేవాణ్ణి కదక్కా," అన్నాడు. "అంతేగా."

అతను దిగిపోయాక కూడా ఆమె మెట్ల మలుపులోనే నిలబడింది, రెయిలింగు పట్టుకుని. ఇప్పుడు తల తిరగడం లేదు. మెట్లు ఎక్కడివక్కడే ఉన్నాయి, గోడా ఎక్కడిదక్కడే ఉంది, అయినా చెయ్యి తియ్యడానికి చాలాసేపు పట్టింది.